పరాయి భాష పిల్లవాడి మెదడుకు బరువా, బలమా?

పదవీ విరమణ చేసిన తరువాత వైద్యుని వద్దకు వచ్చే ప్రశ్నలు మారిపోతాయి. మందుల చీటీ కోసం వచ్చేవారు తగ్గి, సలహా కోసం వచ్చేవారు పెరుగుతారు. ఏటా జూన్ నెలలో బడులు తెరిచే సమయానికి నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "డాక్టరు గారూ, మావాడు ఆరో తరగతికి వచ్చాడు. బడిలో ఫ్రెంచి గాని, జర్మన్ గాని తీసుకోవచ్చునంటున్నారు. ఇప్పటికే తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఉన్నాయి కదా, ఇంకొకటి చేరిస్తే మెదడు మీద భారం పడదా?" అని. అడిగేవారిలో సగం మందికి భయం, మిగిలిన సగం మందికి ఆశ. భయపడేవారు పిల్లవాడు దేనిలోనూ నిలవకుండా పోతాడేమోనని అడుగుతారు. ఆశపడేవారు తెలివితేటలు పెరుగుతాయట కదా అని అడుగుతారు. ఈ రెండింటికీ వైద్యశాస్త్రం చెప్పే సమాధానం ఒకటి ఉన్నది. దానితో పాటు, మన బడులను చూసిన తరువాత నాకు కలిగిన అభిప్రాయం కూడా ఒకటి ఉన్నది. ఈ వ్యాసంలో రెండూ చెబుతాను.

ముందుగా భయం సంగతి. మెదడు అనేది కొలతకు మించి పోస్తే పొర్లిపోయే కుండ కాదు. ఒక భాష నేర్చుకుంటే మరొక భాషకు చోటు తగ్గిపోతుందన్న భావన ఒకప్పుడు చదువుకున్నవారిలో కూడా ఉండేది. ఇంట్లో రెండు భాషలు వినబడితే పిల్లలకు మాటలు ఆలస్యంగా వస్తాయని, నత్తి వస్తుందని చెప్పేవారు ఇప్పటికీ కనిపిస్తారు. రెండు భాషల మధ్య పెరిగే పసివాడు కొంతకాలం వాటిని కలిపి మాట్లాడతాడు, ఒక్కొక్క భాషలో వాడికి తెలిసిన మాటలు కొంచెం తక్కువగా ఉండవచ్చు. కాని రెండు భాషలలోని మాటలను కలిపి లెక్కిస్తే ఒకే భాష విన్న పిల్లవాడికి తీసిపోడు. నిజంగా మాటలు రాని పిల్లవాడికి ముందుగా చెవి పరీక్ష చేయించాలి, ఎదుగుదల చూపించాలి. "రెండు భాషల వల్లనే, మానిపించండి" అని ఇంటిపెద్దలు నిర్ణయించి ఏడాది గడిపేస్తే, వినికిడి లోపం గాని ఆటిజం గాని ఆలస్యంగా బయటపడుతుంది. భాషను నిందించి రోగాన్ని వదిలేయడం అన్నమాట.

ఇక వయసు సంగతి. పుట్టిన పసికందు చెవికి లోకంలోని అన్ని భాషల ధ్వనులనూ వేరుచేసి గుర్తించగల శక్తి దాదాపుగా ఉంటుంది. ఏడాది నిండే లోపున తాను వినని ధ్వనులను పట్టించుకోవడం అది మానేస్తుంది. ఈ విషయాన్ని 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే శాస్త్రవేత్తలు నిరూపించిన తీరు మనవారికి ఆసక్తి కలిగిస్తుంది. వారు ఎంచుకున్న ధ్వనులలో హిందీలోని తకార, టకారాలు ఉన్నాయి. మనకు 'తాత' వేరు, 'టాటా' వేరు. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలోని ఆరేడు నెలల పిల్లలు ఈ తేడాను చక్కగా గుర్తుపట్టారు. పది పన్నెండు నెలలు వచ్చేసరికి వారిలో ఆ శక్తి సన్నగిల్లిపోయింది. మన ఊళ్ళకు వచ్చే తెల్లవారు 'త'ను పలకలేక తడబడడం వెనుక ఉన్న కథ ఇది. ఫ్రెంచి వారి ముక్కుతో పలికే అచ్చులు, జర్మన్ల మూతి ముడిచి పలికే 'ఉ' మనకు కష్టమనిపించడానికి కూడా కారణం ఇదే.

అంటే ఏడాదికే తలుపులు మూసుకుపోతాయని కాదు, సందు కాస్త సన్నబడుతుందంతే. వ్యాకరణాన్ని గ్రహించే శక్తి చాలాకాలం నిలుస్తుంది. 2018లో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో ఇంటర్నెట్ ద్వారా సుమారు 6 లక్షల 70 వేల మంది ఇంగ్లీషు వ్యాకరణ పరీక్షకు జవాబులు ఇచ్చారు. ఆ లెక్కలను బట్టి, భాషా నిర్మాణాన్ని పట్టుకునే సామర్థ్యం పదిహేడేళ్ళ వయసు వరకు దాదాపుగా తగ్గదని తేలింది. అయితే పుట్టుకతో మాట్లాడేవారితో సమానంగా రావాలంటే మాత్రం పదేళ్ళ లోపు మొదలుపెట్టాలట. మరొక సంగతి కూడా చెప్పాలి. 1970లలో నెదర్లాండ్స్‌కు వెళ్ళి స్థిరపడిన ఇంగ్లీషు కుటుంబాలను పరిశీలించినప్పుడు, మొదటి కొన్ని నెలలలో డచ్ భాషను అందరికంటే వేగంగా పట్టుకున్నది పసిపిల్లలు కాదు, పన్నెండు నుంచి పదిహేనేళ్ళ పిల్లలు. ఉచ్చారణలో చిన్నవారిది పైచేయి అయినా, పద్ధతిగా నేర్చుకోవడంలో బడిపిల్లలకు ఒక సౌలభ్యం ఉన్నది. అందువల్ల ఆరో తరగతికి సమయం మించిపోయిందని ఎవరూ దిగులు పడనక్కరలేదు. ఎల్.కె.జి.లోనే మూడు దేశాల భాషలు నేర్పిస్తామని కరపత్రాలు పంచే బడులను నమ్మనక్కర కూడా లేదు.

భాష ఎలా అంటుకుంటుంది అన్నదానికి సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పట్రీషియా కూల్ బృందం 2003లో ప్రకటించిన ప్రయోగం ఒకటి చాలు. తొమ్మిది నెలల అమెరికా పిల్లలను కూర్చోబెట్టి, చైనా భాష మాట్లాడే మనుషులు పన్నెండు విడతలు కథలు చెప్పి ఆడించారు. ఆ పిల్లలు చైనా ధ్వనులను గుర్తించడం నేర్చుకున్నారు. అవే మాటలను అంతే సమయం టీవీలో చూపించిన పిల్లలు ఏమీ నేర్చుకోలేదు. ఎదురుగా కళ్ళలో కళ్ళు పెట్టి మాట్లాడే మనిషి లేకపోతే పసివారి మెదడు ఆ చప్పుడును భాషగా స్వీకరించదు. బడిపిల్లల విషయంలో తెర కొంత ఉపయోగపడుతుంది, కాదనను. కాని 'ఫోనులో యాప్ పెట్టించాము, స్పానిష్ వచ్చేస్తుంది' అనే తల్లిదండ్రులు ఈ ప్రయోగాన్ని గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు ఆశ సంగతికి వస్తాను. ఇక్కడ మన హైదరాబాదుకు గర్వకారణమైన పరిశోధన ఉన్నది. నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ, అంటే నిమ్స్, న్యూరాలజీ విభాగంలో డాక్టర్ సువర్ణ అల్లాడి, డాక్టర్ సుభాష్ కౌల్ తదితరులు మతిమరుపు వ్యాధి, అంటే డిమెన్షియా సోకిన 648 మంది రోగుల వివరాలను పరిశీలించి 2013లో 'న్యూరాలజీ' పత్రికలో ప్రకటించారు. వారిలో 391 మంది రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారు. ఒకే భాష మాట్లాడేవారికంటే వీరిలో వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలయ్యాయి. అంతకుముందు 2007లో టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం కూడా నాలుగేళ్ళ తేడా చూపించింది. అయితే ఆ ఊరిలో రెండు భాషలవారంటే ఎక్కువగా వలస వచ్చినవారు. వలస వెళ్ళేవారు ఆరోగ్యవంతులై ఉంటారు, అందువల్లే ఆలస్యమేమో అనే సందేహం మిగిలింది. హైదరాబాదులో ఆ సందేహానికి తావు లేదు. ఇక్కడ రెండు భాషలు మాట్లాడడానికి ఎవరూ సముద్రం దాటి రానక్కరలేదు. ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ, ఆఫీసులో ఇంగ్లీషు, పక్కింట్లో మరాఠీ. బడి మొహం చూడనివారిలో కూడా ఆ తేడా కనిపించింది. కాబట్టి అది చదువు వల్ల వచ్చిన లాభం మాత్రమే కాదని చెప్పడానికి వీలు కలిగింది.

అదే బృందం 2016లో పక్షవాతం వచ్చిన 608 మంది రోగుల విషయం ప్రకటించింది. పక్షవాతం తరువాత ఆలోచనాశక్తి, జ్ఞాపకశక్తి చెక్కుచెదరకుండా నిలిచినవారు ఒకే భాషవారిలో నూటికి 20 మంది కాగా, రెండు భాషలవారిలో నూటికి 40 మంది. నా సర్వీసులో పక్షవాతం కేసులు లెక్కలేనన్ని చూశాను. చేయి కాలు పడిపోవడం కంటే, 'ఈయన మునుపటి మనిషి కాడు' అని ఇంట్లోవాళ్ళు చెప్పుకొని ఏడ్వడం బాధాకరంగా ఉండేది. ఆ మునుపటి మనిషిని నిలబెట్టే సాధనం ఏదైనా ఉంటే వైద్యునికి అంతకంటే కావలసింది లేదు.

ఇది ఎందుకు జరుగుతుంది? రెండు భాషలు తెలిసినవాడు ఒక భాష మాట్లాడుతున్నప్పుడు రెండవది నిద్రపోదు. మీరు ఇంగ్లీషులో మాట్లాడుతుంటే తెలుగు మాట నాలుక చివరి వరకు వచ్చి ఆగుతుంది. ఎదుటివాడు ఎవరో చూసి, తగిన భాషను ముందుకు పంపి, తగని భాషను వెనక్కు పట్టి ఉంచే పని మెదడు ముందుభాగానిది. పనిని క్రమబద్ధం చేయడం, పరధ్యానాన్ని ఆపడం, ఒక పని నుంచి మరో పనికి మళ్ళడం కూడా ఆ భాగానివే. రోజంతా ఈ కసరత్తు జరుగుతూ ఉంటే కొంత నిల్వ ఏర్పడుతుంది. వయసు మీరి కణాలు దెబ్బతింటున్నా, ఆ నిల్వతో మెదడు కొంతకాలం నెట్టుకొస్తుంది. పొదుపు చేసుకున్న కుటుంబం కరువు సంవత్సరాన్ని ఈదినట్లు. వ్యాధి రాదని కాదు, వచ్చినా కొన్నాళ్ళు బయటపడదు.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే పాఠకులను మభ్యపెట్టినవాడినవుతాను. ఇవన్నీ ఆసుపత్రికి వచ్చినవారిని చూసి వెనక్కి తిరిగి లెక్కించిన ఫలితాలు. ఆరోగ్యవంతులను ఏళ్ళ తరబడి వెంబడించి చేసిన పరిశీలనలన్నింటిలోనూ ఇంత స్పష్టమైన తేడా రాలేదు. రెండు భాషల పిల్లలకు ఏకాగ్రత ఎక్కువ అన్న వాదం మీద కూడా శాస్త్రవేత్తల మధ్య తగవు తీరలేదు. అంతకంటే ముఖ్యం, హైదరాబాదు రోగులు రెండు భాషలను 'చదివినవారు' కాదు, రోజూ వాడినవారు. వారానికి రెండు పీరియడ్లు ఫ్రెంచి చదివి పదవ తరగతి తరువాత మరచిపోయిన పిల్లవాడికి డెబ్బయ్యో ఏట నాలుగున్నరేళ్ళు కలిసివస్తాయని ఎవరైనా చెబితే, అది బలం మందు అమ్మేవాడి మాట వంటిది. మెదడుకు వ్యాయామం భాష తెలియడంలో లేదు, మాట్లాడడంలో ఉన్నది.

అయితే పరాయి భాషను బడిలో ఎందుకు నేర్పాలి? నా దృష్టిలో అన్నింటికంటే పెద్ద లాభం మతిమరుపు గురించినది కాదు. పిల్లవాడు తన తెలుగును మొదటిసారి బయట నుంచి చూడగలుగుతాడు.

జర్మన్ నేర్చుకునే పిల్లవాడికి మొదటి నెలలోనే ఒక వింత ఎదురవుతుంది. ఆ భాషలో బల్ల పుంలింగం, పిల్లి స్త్రీలింగం, అమ్మాయి నపుంసకలింగం. తరగతి అంతా పకపకా నవ్వుతుంది. మంచి ఉపాధ్యాయుడు అక్కడే ఆగి, మరి మన సంగతేమిటని అడగాలి. అబ్బాయి వచ్చాడు, అమ్మాయి వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. మన క్రియ అమ్మాయిని బస్సుతో కలిపేసింది! బహువచనానికి వచ్చేసరికి అమ్మాయిలు వచ్చారు, ఆవులు వచ్చాయి. ఇప్పుడు అమ్మాయి మనుషులలోకి వచ్చి చేరింది. తరతరాలుగా మహత్తు, అమహత్తు అని మన వ్యాకరణంలో వల్లించిన పాఠం పదకొండేళ్ళవాడికి నవ్వుతూ అర్థమవుతుంది. అలాగే చలివేస్తున్నదని చెప్పడానికి జర్మన్లు 'మియర్ ఇస్ట్ కాల్ట్' అంటారు. మాటకు మాట తీసుకుంటే 'నాకు చలిగా ఉంది'. ఇంగ్లీషువాడిలా 'నేను చలిగా ఉన్నాను' అనరు. నువ్వు, మీరు అనే మర్యాద భేదం జర్మన్‌లోనూ ఫ్రెంచిలోనూ ఉన్నది, ఇంగ్లీషులో లేదు. ఇంగ్లీషు ఒక్కటే కొలబద్ద అనుకునే పిల్లవాడికి, తన భాష వింత కాదని, ఇంగ్లీషే కొన్ని విషయాలలో ఒంటరిదని తెలుస్తుంది.

జపాను భాష సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. 'వతాషి వా గోహాన్ ఓ తబెమాస్' అంటే 'నేను అన్నం తింటాను'. కర్త ముందు, కర్మ తరువాత, క్రియ చివర. మన వాక్యం లాగానే ఉంది. విభక్తి ప్రత్యయం కూడా మాటకు వెనుకనే చేరుతుంది. 'తోక్యో కరా' అంటే 'టోక్యో నుంచి'. పైగా 'గోహాన్' అంటే అన్నమూ అవుతుంది, భోజనమూ అవుతుంది. మనం 'అన్నం తిన్నారా' అని అడిగినప్పుడు ఇడ్లీ తిన్నవాడు కూడా 'తిన్నాను' అన్నట్లే. లిపి కష్టమే గాని, వాక్యం కూర్పులో తెలుగువాడికి జపాను భాష ఇంగ్లీషు కంటే దగ్గర చుట్టం. ఈ మాట బడిలో ఎవరూ చెప్పరు.

మాతృభాషను బలంగా నేర్చినవాడే పరభాషలో నిలుస్తాడన్నది పాతమాటే. పి.వి. నరసింహారావు గారు స్పానిష్ నేర్చుకున్న మనిషి. విశ్వనాథ సత్యనారాయణ గారి 'వేయిపడగలు' నవలను హిందీలోకి 'సహస్రఫణ్' పేరుతో తెచ్చినదీ ఆయనే. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులు గారు సవరల భాష నేర్చుకొని, ఆ పిల్లలకు పుస్తకాలు రాసి, ఆ భాషకు వ్యాకరణమూ నిఘంటువూ కూర్చారు. రాత లేని ఒక భాషను నోటి నుంచి విని పట్టుకున్న ఆ మనిషే, తెలుగులో నోటి భాషకు పుస్తకంలో చోటు కావాలని పోరాడాడు. ఇది కాకతాళీయమని నేననుకోను.

ఇక నా వృత్తికి సంబంధించిన సంగతి. దీనిని ఆరోగ్య విషయంగానే చూడమని కోరుతున్నాను. మన రాష్ట్రాల నుంచి వేలాది పిల్లలు ఎం.బి.బి.ఎస్. కోసం రష్యా, జార్జియా, కిర్గిజ్‌స్తాన్, ఫిలిప్పీన్స్ వంటి దేశాలకు వెళ్తున్నారు. పాఠాలు ఇంగ్లీషులో చెబుతారు. కాని మంచం మీద పడుకున్న రోగికి ఇంగ్లీషు రాదు. మొదటి రెండేళ్ళు పుస్తకంతో గడిచిపోతాయి, మూడవ ఏట వార్డుకు వెళ్ళినప్పుడు అసలు పరీక్ష మొదలవుతుంది. అలా చదివి తిరిగి వచ్చిన ఒక కుర్రవాడితో నేను మాట్లాడాను. అక్కడి భాషను పరీక్ష పాసయ్యేందుకు మాత్రం చదివాడట. వార్డులో ప్రొఫెసరు రోగిని ప్రశ్నలు అడుగుతుంటే, ఇతడు వెనుక వరసలో నిలబడి, తరువాత ఇంగ్లీషులో ఎవరైనా చెబితే రాసుకునేవాడు. మూడేళ్ళు ఆసుపత్రిలో తిరిగి కూడా ఒక్క రోగి చరిత్రను తానుగా అడిగి రాయలేదు. కుర్రవాడు తెలివైనవాడే, కష్టపడేవాడే. వైద్యంలో సగం రోగనిర్ణయం రోగి నోటి మాటలోనే ఉంటుందని మా గురువులు చెప్పేవారు. ఆ సగం ఇతడికి అందలేదు.

మన భాషలోనే చూడండి. 'గుండె దడ', 'గాబరా', 'నీరసం', 'కళ్ళు తిరగడం', 'కళ్ళు బైర్లు కమ్మడం', 'తిమ్మిరి', 'పోటు', 'సలుపు', 'మంట'. వీటిలో ఒక్కొక్కటి ఒక్కొక్క దారిని చూపిస్తుంది. 'పోటు' అన్నవాడికీ 'సలుపు' అన్నవాడికీ ఒకే మందు రాయము. ప్రతి భాషలోనూ నొప్పికి ఇటువంటి సొంత మాటలు ఉంటాయి, అవి నిఘంటువు చూస్తే రావు. ఏజెన్సీ ప్రాంతంలో పనిచేసినప్పుడు నేను స్థానిక భాషలో నేర్చుకున్నవి పాతిక మాటలే. 'ఎక్కడ', 'ఎప్పటి నుంచి', 'తిన్నావా', 'భయపడకు'. ఆ పాతిక మాటలకే తల్లులు బిడ్డలను నా చేతికి ఇచ్చేవారు. భాష పూర్తిగా రాకపోయినా, నేర్చుకోవడానికి ప్రయత్నించినవాడి మీద రోగికి నమ్మకం కలుగుతుంది.

నర్సుల విషయం మరీ ముఖ్యం. జర్మనీలో నర్సుగా గుర్తింపు పొందాలంటే జర్మన్ భాషలో సాధారణంగా బి2 స్థాయి కావాలి. ఆరు మెట్లలో అది నాలుగవది. వైద్యులకైతే దానితో పాటు వైద్యభాషలో అంతకంటే పై స్థాయి పరీక్ష ఉంటుంది. జపానులో వృద్ధుల సంరక్షణ పనికి కూడా భాషా పరీక్ష తప్పదు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఈ రెండు దేశాలకు వెళ్ళదలచిన నర్సులకు భాషా శిక్షణ ఏర్పాటు చేస్తోంది. మంచి పనే. కాని ఇరవైమూడేళ్ళు దాటిన అమ్మాయి, ఉద్యోగం మానుకొని, ఇంటి మీద అప్పు చేసి, నెలల తరబడి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా 'దేర్, దీ, దాస్' వల్లిస్తూ కూర్చోవడం చూస్తే, ఇది పన్నెండో ఏట బడిలో ఉచితంగా మొదలై ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. డబ్బున్నవారి పిల్లలకు నగరంలోని బడులలో దొరికే అవకాశం ఇది. నర్సింగ్ చదువుకు వచ్చే పిల్లలలో అధిక భాగం ఆ బడుల నుంచి రారు.

ఇక్కడే నాకు కోపం వచ్చే విషయం చెప్పాలి. పరభాషను మన చదువులలో చేర్చడం కొత్తేమీ కాదు. ఇంటర్మీడియట్‌లో రెండవ భాషగా తెలుగు వదిలేసి సంస్కృతమో, ఫ్రెంచో తీసుకునే పిల్లలు ఏటా కోకొల్లలు. ఎందుకు తీసుకున్నావని అడిగితే ఒక్కడు కూడా కాళిదాసు కోసమనో, పారిస్ కోసమనో చెప్పడు. "మార్కులు బాగా వేస్తారండీ" అంటాడు. నూటికి తొంభైతొమ్మిది వచ్చినవాడిని నీ పేరేమిటని ఆ భాషలో అడిగితే బిత్తరపోతాడు. మూడు గంటల రాతపరీక్షలో నోరు తెరిచే పని లేదు, చెవితో పని లేదు. పదేపదే వచ్చే ప్రశ్నలకు జవాబులు కంఠస్థం చేస్తే చాలు. ఇది భాష నేర్చుకోవడం కాదు, తెలుగును తప్పించుకోవడం. ఈ పద్ధతిలో పిల్లవాడు పరభాషనూ నేర్వడు, సొంత భాషనూ పోగొట్టుకుంటాడు. పైన చెప్పిన మెదడు వ్యాయామంలో వీసమెత్తు కూడా అతడికి అందదు.

2020 నాటి జాతీయ విద్యావిధానం ఉన్నత పాఠశాల స్థాయిలో కొరియన్, జపనీస్, థాయ్, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, పోర్చుగీసు, రష్యన్ భాషలను నేర్పవచ్చునని పేర్లతో సహా చెప్పింది. కాగితం మీద పేర్లు రాయడం సులభం. 2014లో కేంద్రీయ విద్యాలయాలలో మూడవ భాషగా ఉన్న జర్మన్‌ను చదువు మధ్యలో తీసివేసి సంస్కృతం పెట్టినప్పుడు పిల్లలు, తల్లిదండ్రులు పడిన అవస్థ చాలామందికి గుర్తుండే ఉంటుంది. జర్మన్ గొప్పదా సంస్కృతం గొప్పదా అన్నది ప్రశ్న కాదు. మందు మొదలుపెట్టి కోర్సు పూర్తికాకుండా ఆపేస్తే ఏమవుతుందో వైద్యులకు తెలుసు.

కొందరు మిత్రులు, ముందు తెలుగు సరిగ్గా నేర్పండి, తరువాత పరదేశ భాషల మాట ఎత్తండి అంటారు. ఆ మాటలో న్యాయం ఉన్నది. తెలంగాణలో బడులన్నింటిలో తెలుగును తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం చేయవలసి వచ్చిందంటేనే మన పరిస్థితి తెలుస్తోంది. అందుకే నేను పరభాషను తెలుగు స్థానంలో పెట్టమనడం లేదు. ఐరోపా దేశాల అధినేతలు 2002లో బార్సిలోనాలో సమావేశమైనప్పుడు పెట్టుకున్న లక్ష్యం 'మాతృభాష, దానికి తోడు మరి రెండు భాషలు' అన్నది. అందులో మాతృభాషే మొదటి మెట్టు. పక్షవాతంతో మాట పడిపోయిన బహుభాషా రోగులను చూసినవారికి ఈ సంగతి మరొక విధంగా తెలుస్తుంది. కొందరికి చిన్ననాటి భాష ముందు తిరిగి వస్తుంది, కొందరికి జబ్బుకు ముందు ఎక్కువగా వాడిన భాష ముందు వస్తుంది. వంద సంవత్సరాలకు పైగా న్యూరాలజిస్టులు దీని మీద వాదులాడుకుంటున్నారు. పరీక్ష కోసం కంఠస్థం చేసిన భాషలో మొదటి మాట పలికిన రోగిని మాత్రం నేను చూడలేదు.

బడి బరువు గురించి భయపడేవారికి ఒక మాట. పిల్లవాడిని అలసగొట్టేది భాష కాదు, దాని వెనుక వచ్చే ట్యూషను, యూనిట్ టెస్టు, ర్యాంకు. ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి వరకు నాలుగేళ్ళు, రోజుకు ఒక అరగంట, మార్కులు మొత్తంలో కలపకుండా, కేవలం వినడం, మాట్లాడడం, పాడడం, ఉత్తరం రాయడం. పరీక్ష పెట్టదలిస్తే నోటి పరీక్షే పెట్టాలి. తల్లిదండ్రులు 'మార్కులు లేకపోతే పిల్లలు చదవరు' అంటారు. క్రికెట్‌కు మార్కులు లేవు, ఎవరు ఆడమన్నారని ఆడుతున్నారు?

ఉపాధ్యాయులు ఎక్కడి నుంచి వస్తారన్నది అసలు చిక్కు. హైదరాబాదులోనే ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉన్నది. 1958లో ఇంగ్లీషు బోధన కోసం మొదలై, తరువాత విదేశీ భాషలకు విస్తరించిన సంస్థ అది. జర్మన్, ఫ్రెంచి, జపనీస్, రష్యన్, స్పానిష్, అరబ్బీ చదివిన యువకులు అక్కడి నుంచి ఏటా బయటకు వస్తున్నారు. వారిలో చాలామందికి కంపెనీలలో కొలువులు దొరుకుతున్నాయి, బడి వైపు వచ్చేవారు తక్కువ. అన్ని ఊళ్ళలో ఒక్కసారిగా మొదలుపెడతామంటే ఉపాధ్యాయుడు లేని తరగతి, పుస్తకం లేని పీరియడ్ మిగులుతాయి. జిల్లాకు రెండు మూడు గురుకుల పాఠశాలలలో, ఒక్కొక్క చోట ఒకే భాషతో, వచ్చే ఉపాధ్యాయుడు కనీసం నాలుగేళ్ళు కదలకుండా ఉండేటట్లు ఏర్పాటు చేస్తే సరిపోతుంది. నర్సింగ్ వైపు వెళ్ళే ఆడపిల్లలు ఎక్కువగా ఉన్న గురుకులాలతో మొదలుపెట్టవచ్చు. గల్ఫ్‌కు వలస వెళ్ళే జిల్లాలలో అరబ్బీ నేర్పితే, మనవాళ్ళు కాగితాల మీద ఏం రాసి ఉందో తెలియకుండా వేలిముద్ర వేసే దుస్థితి కొంతైనా తగ్గుతుంది. ఆ కాగితాలలో ఆసుపత్రివి కూడా ఉంటాయి.

మా వీధి తల్లిదండ్రులకు నేను చెప్పే జవాబు ఇది. ఇంట్లో తెలుగు ధారాళంగా మాట్లాడండి, తెలుగు పుస్తకం చదివి వినిపించండి. బడిలో పరభాష చెప్పే ఉపాధ్యాయుడు ఆ భాషలో తరగతిలో మాట్లాడుతున్నాడా, లేక బోర్డు మీద రాసి ఎక్కించమంటున్నాడా, వెళ్ళి అడిగి తెలుసుకోండి. మాట్లాడుతుంటే సందేహించకుండా చేర్చండి. ఏ భాష అన్నది రెండవ ప్రశ్న. రాసి ఎక్కించమంటుంటే ఆ పీరియడ్‌లో పిల్లవాడిని మైదానంలో ఆడుకోనివ్వమని ప్రధానోపాధ్యాయుణ్ణి అడగండి. ఒళ్ళు కదిలినా కొంత మేలే.